పన్ను నడుస్తాండాదా?

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నా గదికి మూడు కోడిగుడ్ల అట్టల నిండా పిల్లల పళ్లు వచ్చాయి.

నిజం పళ్లు కావు లెండి, ప్లాస్టరువి. పిల్లల నోటికి మెత్తటి ముద్ద అదిమి అచ్చు తీసి, అందులో తెల్ల ప్లాస్టరు పోసి ఆరబెడితే పైదవడ ఒకటి, కిందిదవడ ఒకటి బయటికొస్తాయి. వంకర పళ్లకు తీగ కట్టేవాళ్లు ముందు వీటి మీద పని చేసుకొని, ఆ తర్వాతే పిల్లల నోటి జోలికి పోతారు. ఈ దవడల్ని హిందూపురం నుంచి కదిరి దాకా ఒకమ్మాయి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. అట్టలు బల్ల మీద పెట్టి, చున్నీ కొసతో పైన దుమ్ము తుడిచింది.

"నాయన పోయి నలభై దినాలయింది మేడం. ఇవి మీకే ఇయ్యమన్నాడు. ఒక్కటి గూడా పగలగూడదన్నాడు."

ఆయన పోయిన సంగతే నాకు తెలీదు. కూర్చోమన్నాను. ఆ అమ్మాయి కూర్చోలేదు.

"ఇంగో మాట గూడా అడగమన్నాడు. ధర్మవరం పోయినారా అని."

"టీ తాగుతావామ్మా?" అన్నాను నేను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయవలసిన కాగితం మీద, రాయవలసిన రోజున, ఆయన గురించి రాయవలసిన ముక్క నేను రాయలేదు. ఇప్పుడు పేరు పెట్టి పొగిడితే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. పెనుకొండలో అందరూ ఆయన్ని తీగల సాయిబు అనేవాళ్లు, నేను భాయ్ అనేదాన్ని. బడిపిల్లల పళ్లు చూడటానికని అక్కడ మాకు రెండు గదులు ఇచ్చారు. ముందు గదిలో కుర్చీ, నేను. వెనక గదిలో పట్టకార్లు, ఆయన. నేను పర్మినెంటు పళ్ల డాక్టరును. ఆయన పళ్ల సెట్లు, ప్లేట్లు తయారుచేసే కాంట్రాక్టు పనివాడు. ఆ తేడా ఎంత పెద్దదో ఆ రోజుల్లో నాకు పట్టలేదు.

రోజూ పొద్దున హిందూపురం నుంచి పాసింజరులో దిగేవాడు. మనిషి మొహం చూసి గుర్తుపట్టే అలవాటు ఆయనకు లేదు, నోరు చూసేవాడు. స్టేషన్లో టీ అమ్మే ఆయన్ని 'కింద కుడిపక్క పిప్పి' అని, మా ఆఫీసుకొచ్చే పెద్ద గుమాస్తాను 'ముందర సందు' అని చెప్పేవాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నాడో అర్థం కావాలంటే నేను వాళ్లను మనసులోనే నవ్వించి చూసుకోవాల్సి వచ్చేది. పని చేస్తున్నంతసేపూ తీగముక్కలు పెదాల మధ్య పెట్టుకునేవాడు, దర్జీ గుండుసూదులు పెట్టుకున్నట్టు. అందుకే ఆయన మాటలు ఎప్పుడూ నోటి ఒక పక్కనుంచే వచ్చేవి.

ఇంతమంది పళ్లు చక్కదిద్దే ఆయనకు పైదవడలో సొంత పన్ను ఒక్కటీ లేదు. సెట్టు తానే చేసుకున్నాడు, అదీ వదులు. కుర్చీ ఎక్కగానే ఏడుపు లంకించుకునే పిల్లలుంటారు కదా, ఆ ఏడుపు వినగానే వెనక గదిలోంచి వచ్చి ఎదురుగా నిలబడి, ఆ సెట్టును నాలుకతో బయటికి తోసి గబుక్కున లోపలికి లాగేసుకునేవాడు. పిల్ల ఏడుపు ఠక్కున ఆగేది. తల్లులు కొందరు జడుసుకునేవాళ్లు, వాళ్లకు నేను నీళ్లివ్వాలి.

తీగ కట్టేముందు పట్టకారు పిల్లల చేతికే ఇచ్చేవాడు. "పట్టుకో, నువ్వే వంచు" అనేవాడు. పిల్లలు వంచేవాళ్లు. "కరిసిందా నిన్ను? లేదు గదా. నోట్లో గూడా అంతే." ఆ తర్వాత అందరికీ చెప్పే పాఠం ఒకటుంది. "పన్ను రాయి అనుకుంటాండావా? నడుస్తాది. రొంత తోస్తే రొంత నడుస్తాది. తొందర పెడితే అలుగుతాది." నెల తిరిగి తీగ బిగించుకోవడానికి వచ్చిన పిల్లను గుమ్మంలోనే ఆపి, "ఏమ్మా, పన్ను నడుస్తాండాదా?" అని అడిగేవాడు. "నడుస్తాండాది భాయ్." "ఎంత దూరం పోయింది?" పిల్ల బొటనవేలి గోరు మీద చూపుడువేలు పెట్టి ఇంత అని చూపించేది. "అబ్బో! అట్లయితే పెనుకొండ దాటిందే" అని మురిసిపోయేవాడు. నాకు రోజూ విని విని విసుగొచ్చేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే వినాలనుంది.

బడులకు పోయినప్పుడు నేను పిల్లల నోళ్లు చూస్తుంటే ఆయన పక్కన టార్చి పట్టుకునేవాడు. ఒక ఊళ్లో పిల్లలందరికీ బోరునీళ్ల వల్ల పళ్ల మీద గోధుమరంగు చారలు. వాళ్ల సారు మా ఎదుటే ఒక పిల్లాణ్ణి, "ఇటికపొడితో తోముకొమ్మని ఎన్ని తూర్లు చెప్పినా, సిగ్గులేదా" అని గదమాయించాడు. ఆ పిల్లాడు తోముకున్నాడు కూడా, పైపొర అరిగిపోయేదాకా. భాయ్ టార్చి ఆర్పాడు. "నీళ్లది సార్ ఆ రంగు, పిల్లోంది కాదు" అన్నాడు మెల్లగా. సారు వినిపించుకోలేదు.

మేము నింపే ఫారంలో పిప్పిపళ్లకు ఒక గడి ఉండేది, గారకు ఒకటి, చిగుళ్లకు ఒకటి. వంకరపళ్లకు, ఎత్తుపళ్లకు లేదు. అడిగితే, "అది రోగం కాదమ్మా, అందానికి సంబంధించింది" అన్నాడు పై అధికారి. ఆయన వెళ్లిపోయాక భాయ్ వెనక గదిలోంచి వచ్చి, "అందమైతే పిల్లోళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని యాలకు నవ్వుతారు మేడం?" అన్నాడు. అప్పుడే మొదలుపెట్టాం తీగలు కట్టడం, మా సొంత బుద్ధితో, ఏడుగురు పిల్లలతో. ఫారంలో చోటు లేదు కాబట్టి ఆయన ఒక్కొక్క ప్లాస్టరు దవడ అడుగున పెన్సిలుతో రాసుకునేవాడు: పిల్ల పేరు, ఊరు, ఇంకా ఎన్ని తూర్లు రావాలో. ప్రతి నెలా ఆ అంకె చెరిపి ఒకటి తగ్గించేవాడు.

ఆ ఏడుగురిలో ఒకతి ధర్మవరం పిల్ల. ఏడో తరగతి. ముందు పళ్లు నాలుగూ పెదవి మీదికి వచ్చేశాయి. బడిలో 'కొబ్బరికోరాము' అని పిలుస్తారని వాళ్ల అవ్వ చెప్పింది, ఆ పిల్ల చెప్పలేదు. ఇంట్లో పట్టుచీరల మగ్గం. నెలకొకసారి అవ్వ పాసింజరెక్కించి తీసుకొచ్చేది. ఆ పిల్లకు అంగిలికి తొడిగే తీగ ప్లేటు ఇచ్చాం, పెట్టుకొని తీసుకునేది. అన్నం తినేటప్పుడు తప్ప తీయొద్దన్నాం. మూడు నెలలయినా పళ్లు కదల్లేదు. నాలుగో నెల నేను గట్టిగా అరిచాను. మీకోసం ఇంత చేస్తుంటే మీకే లెక్కలేదు, ఇంకెందుకు రావడం, ఇట్లాంటివి. నోరు మంచిది కాదు నాది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని తల దించుకుంది.

భాయ్ కొత్తగా పోసిన అచ్చు పట్టుకొని వచ్చాడు. ముందు పన్ను అంచు మీద బొటనవేలి గోరు పెట్టి అటూ ఇటూ లాగాడు. గోరు ఒకచోట తట్టుకుంది.

"ఈ పాపను తిట్టొద్దు మేడం. సూడండి ఈడ, గాటు."

సన్నటి గాటు, దారం పట్టేంత. నోట్లో నేను పదిసార్లు చూసినా నాకు కనబడనిది.

"పోగు కొరుకుతాండాది. పట్టుపోగు తెగినప్పుడు అతికి, మిగిలిన కొస పన్నుతో తుంచుతారు. ప్లేటు పెట్టుకుంటే తీగ అడ్డమొస్తాది, పోగు తెగదు. అందుకే తీసి పక్కన పెడతాండాది." అవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వు రొంత నోరు తెరువు."

అవ్వ నవ్వుతూ తెరిచింది. ఆమె ముందు పన్నులో అదే చోట చిన్న కిటికీలాగా సందుంది.

"నాయన అరుస్తాడు భాయ్" అంది పిల్ల, చెయ్యి తీయకుండానే. "పోగుకు లేటయితే."

మరుసటి ఆదివారం ఆయన ధర్మవరం పోయాడు. ఎవరూ పొమ్మనలేదు. దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఒకటి కొనుక్కొనిపోయి, ఆ పిల్ల కూర్చునే పక్క మగ్గం కొయ్యకు దారంతో వేలాడగట్టి వచ్చాడు. పిల్ల నాయన నవ్వాడట. "మా ఇంట్లో కత్తెర లేకనా భాయ్? కత్తెర ఎతుక్కోవల్ల. పన్ను నోట్లోనే ఉంటాది." "ఎతుక్కోకుండా ఉండల్లనే ఈడ కడతాండా" అన్నాడట ఈయన. సోమవారం నాకు ఇదంతా చెప్పి, కత్తెర ఎంత ఎత్తున కడితే పిల్ల చేతికి సరిగ్గా అందిందో కూడా చూపించాడు.

పుట్టినప్పటినుంచీ చూసిన అలవాటు కత్తెర కట్టగానే పోతుందా. ప్లేటు సగం రోజు వాళ్లింటి కిటికీలోనే ఉండేది. నాకు ఓపిక లేకపోయింది. దవడపళ్లకు రేకు చుట్టి సిమెంటుతో అంటించేసి, అక్కడినుంచి ముందు పళ్లకు తీగ లాగుదామన్నాను. అప్పుడు పిల్ల తీయాలన్నా తీయలేదు. భాయ్ పెదాల మధ్యనుంచి తీగముక్కలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. అట్లా చేశాడంటే మాట గట్టిగా చెప్పబోతున్నాడని.

"వద్దు మేడం. ప్లేటయితే ఆ పాప చేతిలో ఉంటాది. సిమెంటయితే మన చేతిలో ఉంటాది. మనం ఈడనే ఉంటామా?"

"నేనెక్కడికి పోతాను భాయ్? ఇక్కడే కదా చచ్చేది."

"మీరు డాక్టరు. మీరు సెప్పితే సేస్తా" అన్నాడు. తీగ తానే వంచి ఇచ్చాడు. నేను అంటించాను. పళ్లు నిజంగానే నడవడం మొదలుపెట్టాయి. రెండో నెలకే పెదవి మూతపడింది. ఆ పిల్ల చేతుల్ని మొదటిసారి ఒళ్లో చూశాను. భాయ్ ఆ రోజు పోసిన అచ్చు అడుగున 'ఇంకా రెండు తూర్లు' అని రాశాడు.

ఆ వారంలోనే నాకు కదిరికి డిప్యుటేషను ఆర్డరు వచ్చింది. మూడు నెలలే అన్నారు. నేను ఇప్పటికీ కదిరిలోనే ఉన్నాను.

పెనుకొండలో నా కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్లు తమ రోజున తాము వచ్చేవాళ్లు. భాయ్ ఫోన్ చేశాడు. "నేనొచ్చేదాకా చూస్తుండు భాయ్" అన్నాను. ప్లేటు బిగించడం ఆయన పనే. బిగించింది సరిపోయిందో లేదో నోట్లో పెట్టి చూడటం మాత్రం ఆయన పని కాదు, డాక్టరుది. డాక్టరు కదిరిలో ఉంది. ఆయన చూశాడు. ఎవరో ఫోన్లో వీడియో తీసి, డాక్టరు లేని చోట పనివాడి వైద్యం అని ఊరంతా తిప్పారు. నాకు మెమో వచ్చింది: ఇతను పిల్లల నోట్లో చెయ్యి పెట్టడం మీ అనుమతితోనే జరిగిందా?

"నాకు తెలియదు" అని రాశాను. రెండే మాటలు. రాసి సంతకం పెట్టి, ఆ పూట అన్నం కూడా తిన్నాను.

ఆయన్ని తీసేశారు. ఇంకెప్పుడూ పిల్లల నోట్లో చెయ్యి పెట్టనని కాగితం మీద రాయించుకొని మరీ పంపారు. పది రోజుల తర్వాత కదిరి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మెట్ల దగ్గరే నిలబడి, "మీరు రాసింది సరే మేడం. ఇద్దరం పోతే పిల్లోళ్లకు ఎవురుంటారు? మీరుండల్ల" అన్నాడు.

నేను నేల చూశాను.

"ఆరుగురి గురించి దిగులు లేదు. ప్లేట్లు తీసి పడేస్తారు, అంతే. ధర్మవరం పాపకు సిమెంటుంది గదా, అది ఆయమ్మి తియ్యలేదు. సిమెంటు కరిగితే రేకుల కిందికి అన్నం పోతాది, పన్ను పిప్పవుతాది. నేను సెయ్యి పెట్టనని రాసిచ్చినా. మీరు పోతే పది నిమిషాల పని."

"వచ్చే ఆదివారం పోతా భాయ్."

ఆయన మాత్రం ఆదివారాలు పోయేవాడు. గుమ్మంలో నిలబడి పిల్లను నోరు తెరవమని, చేతులు వెనక్కి కట్టుకొని చూసేవాడట. పట్టకారు జేబులోనే ఉండేదట. తీయలేదు. మాటంటే మాటే ఆయనకు. అనంతపురం పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని వాళ్ల నాయనను బతిమాలాడు. "మగ్గం దిగితే ఎట్ల భాయ్, ఈడనే ఎవురన్నా తీస్తారులే" అన్నాడాయన. ఊళ్లో ప్రైవేటు డాక్టరు, కట్టినవాళ్లే తీయాలి అన్నాడు. ఆ తర్వాత షుగరుతో కాలి పుండు మానక, భాయ్ రైలెక్కడం మానుకున్నాడు.

అప్పటినుంచి ఫోన్లు. రంజానుకు ఒకటి, ఉగాదికి ఒకటి, ఊరకే ఒకటి. బాగుండారా అనేవాడు, పిల్లలు బాగుండారా అనేవాడు, చివర్న "ధర్మవరం పోయినారా మేడం?" అనేవాడు. వచ్చే ఆదివారం అనేదాన్ని. "తొందర లేదు" అనేవాడు, తొందర ఎంతుందో నాకన్నా బాగా తెలిసినవాడు. తర్వాత తర్వాత ఆయన నంబరు చూసి నేను ఎత్తడం మానేశాను.

ఎందుకు పోలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మొదట్లో భయం. పోయి తీగ తీస్తే, కట్టించింది నేనేనని, అన్నీ తెలుసునని బయటపడుతుంది. కొన్నాళ్లకు ఆ భయం పోయింది గానీ, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలన్న సిగ్గు పట్టుకుంది. కదిరి నుంచి ధర్మవరం ఏమంత దూరం. ఆదివారాలు బట్టలు ఉతుక్కున్నాను, టీవీ చూశాను, మధ్యాహ్నాలు నిద్రపోయాను.

ఆయన కూతురు అట్టలు ఇచ్చిపోయాక ఒక్కొక్క దవడా తిప్పి అడుగున చదివాను. ఇంకా నాలుగు తూర్లు. ఇంకా ఆరు. ఇంకా మూడు. చివరి అట్టలో ధర్మవరం పిల్లవి నాలుగైదు అచ్చులు వరసగా ఉన్నాయి, పళ్లు అడుగడుగునా లోపలికి నడుస్తూ. ఆఖరిదాని అడుగున 'ఇంకా రెండు తూర్లు' అలాగే ఉంది. ఆ అచ్చు చేతి రుమాలులో చుట్టుకొని, పట్టకారు సంచిలో వేసుకొని, ఆ ఆదివారం బస్సెక్కాను.

మగ్గం చప్పుడు వీధిలోకే వినబడుతోంది. మగ్గంలో ఇప్పుడు ఆ పిల్లే కూర్చుంటోంది. పది పాసయి ఆపేసిందట. నాయనకు నడుం పట్టేసిందట. అవ్వ పోయినేడు చనిపోయిందట. నన్ను గుర్తుపట్టి, "మేడం!" అని లేచింది. లేస్తూనే చెయ్యి నోటికి పోయింది.

"ఏదీ, చూడనీ" అన్నాను.

"ఏముంది మేడం సూసేదానికి. రేకులకాడ చీము పట్టె. మొగమంతా వాచె. రెండు పక్కలా పండ్లు పీకేసినారు, రేకులు గూడా వాటితోనే వచ్చినాయి." చెయ్యి ఒక్క క్షణం దించి, మళ్లీ పెట్టుకుంది. ఆ క్షణం చాలు నాకు. లోపల దవడపళ్లు ఉండాల్సిన చోట ఖాళీ. ముందు పళ్లు మొదటి అచ్చులో ఎట్లా ఉన్నాయో అట్లాగే పెదవి మీదికి వచ్చి కూర్చున్నాయి. నా సంచిలో ఉన్న పళ్లు ఆ పిల్ల నోట్లో లేవు. సంచి తెరవలేదు.

కత్తెర ఇంకా మగ్గం కొయ్యకు వేలాడుతోంది. పట్టుకునే చోట అరిగి మెరుస్తోంది. నేను అటు చూడటం చూసి, "దాంతోనే కత్తిరిస్తాండా ఇప్పటికీ" అంది. "భాయ్ తిడతాడని పోగు కొరకను."

ఆయన గురించి చెప్పడానికే నోరు తెరిచాను. ఈలోగా ఆ పిల్లే దగ్గరికొచ్చి, పక్కగదిలో వాళ్ల నాయనకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"పండ్లు మళ్లీ ఎనక్కి నడిచిపోయినాయని ఆయప్పకు సెప్పొద్దు మేడం. శానా కష్టపడినాడు. బాధపడతాడు."

"చెప్పనులే" అన్నాను. ఆ పిల్లకు నేనిచ్చిన మాటల్లో నిలబెట్టుకునేది ఇదొక్కటే.